కొరింథు శిథిలాలు, కెంక్రేయ తీరము

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో మనము చదివే కొరింథును చూచుటకు మేము ఏథెన్సు నుండి కారులో బయలుదేరాము. దూరము సుమారు 80 కిలోమీటర్లు. దారిలో, రాతినేలను తొలిచి రెండు సముద్రాలను కలిపిన కాలువను దాటాము. దానిని 1893లో తెరిచారు.

పాత కొరింథులో అపొల్లో గుడికి ఒకప్పుడు 38 స్తంభాలు ఉండేవి. నేడు నిలిచినవి 7 మాత్రమే. సంతవీధి మధ్య ఒక రాతి వేదిక ఉన్నది. యూదులు పౌలును గల్లియోను ఎదుటికి తెచ్చిన న్యాయపీఠము అదేనని పండితులు చెబుతారు.

అక్కడినుండి తూర్పున సముద్రపు ఒడ్డున ఉన్న కెంక్రేయకు వెళ్లాము. సిరియకు పయనమైన పౌలు తల వెండ్రుకలు కత్తిరించుకొన్నది ఇక్కడే. నాటి రేవు కట్టడాలు చాలావరకు నీట మునిగి ఉన్నాయి.

ఈ రేవులోని సంఘానికే ఫీబే పరిచారకురాలు. ఆమె అనేకులకు, తనకు కూడ సహాయురాలని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయములో సాక్ష్యమిచ్చాడు. ఆ పత్రికను రోమాకు చేర్చినది ఆమెయేనని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయము.

గుడి కూలింది, రేవు మునిగింది. ఆ సహోదరి పేరు మాత్రము నిలిచింది. మన పల్లెలలో మందిరము ఊడ్చే తల్లులు, రోగుల యొద్దకు వెళ్లి ప్రార్థించే అక్కలు ఎందరో ఉన్నారు. పౌలు వలె మనమును సంఘము ఎదుట వారిని పేరు పెట్టి జ్ఞాపకము చేసుకొంటున్నామా?