జిల్లేడు మిడతను గుర్తించుట ఎట్లు?

ఊరిబయట పచ్చికబీళ్ళలోను, పోరంబోకు భూములలోను జిల్లేడు చెట్లపై గుంపుగా చేరి ఆకులు తినుచుండు రంగురంగుల మిడతను చూడని పంచాయతీ సభ్యుడుండడు. అయినను 2020వ సంవత్సరము మే నెలలో అనంతపురము జిల్లా రాయదుర్గమున జిల్లేడు చెట్లపై మిడతలు కనబడగనే ప్రజలు భయపడిరి. ఆ దినములలోనే ఎడారి మిడతల దండు రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రలకు వచ్చియుండెను గనుక ఆ భయము నిష్కారణమని మేము చెప్పజాలము. కాని అవి ఎడారి మిడతలు కావని అధికారులు తెలుపవలసి వచ్చినది.

పెరిగిన జిల్లేడు మిడత దేహము పసుపుపచ్చగా నుండి, దానిపై నీలిచారలు స్పష్టముగా కనబడును. పై రెక్కలు ఆకుపచ్చనివి. వానిపై పసుపు చుక్కలుండును. లోపలి రెక్కల లేత ఎఱుపు అవి విచ్చినప్పుడే తెలియును. పిల్ల మిడత లేత పసుపు వన్నెది. ఒడలిపై సన్నని నల్లగీతలు, చిన్న ఎఱ్ఱచుక్కలు ఉండును.

ఈ వన్నెలు వట్టి అలంకారము కావు. జిల్లేడు పాలు విషము. ఈ మిడత ఆ ఆకునే తిని, ఆ విషమును తన దేహమున దాచుకొనును. రంగులు పిట్టలకు హెచ్చరిక. పిల్ల మిడతను వ్రేళ్ళతో నొక్కినచో వీపునుండి ఒక ద్రవమును రెండంగుళములకు పైగా చిమ్మును. అది కంటబడకుండ, బడిపిల్లలను దానితో ఆడుకొనవద్దని మందలించుట మంచిది.

దండుగా వచ్చు ఎడారి మిడత లేతవయస్సున గులాబిరంగులోను, ముదిరిన పిమ్మట పసుపురంగులోను ఉండును. ఈ పసుపును చూచియే పలువురు పొరబడుదురు. దానికి నీలిచారలుండవు, రెక్కలపై గోధుమరంగు మచ్చలుండును. అది ఒక్క చెట్టును పట్టుకొని కూర్చుండదు. గాలివాటున దినమునకు 150 కిలోమీటర్ల వరకు పోగలదు. ఒక చదరపు కిలోమీటరు దండులో సుమారు 4 కోట్ల మిడతలుండును. అవి ఒక్క దినమున 35,000 మంది తినునంత ఆహారమును తినివేయును.

కావున జిల్లేడుపై మిడతలు కనబడినంత మాత్రమున పంచాయతీ సొమ్ముతో మందు చల్లించుట వ్యర్థమని మా అభిప్రాయము. జిల్లేడునంతను ఒక్కసారిగా నరికించుటయు తగదు. మేత కరవైనచో అవి ప్రక్కనున్న బొప్పాయి, వంగ మొక్కలపైకి రావచ్చును. సందేహము కలిగినప్పుడు ఒకటి రెండు మిడతలను గాజుసీసాలో పట్టించి, అవి ఏ మొక్కపై దొరకినవో వ్రాసి, మండల వ్యవసాయాధికారికి ఆ దినముననే పంపవలెను.