చల్లని ప్లాస్మా – మానని పుండు

ప్లాస్మా అనగానే మనలో చాలామందికి రక్తంలోంచి కణాలను తీసేస్తే మిగిలే పసుపుపచ్చని ద్రవం గుర్తుకొస్తుంది. ఇక్కడ చెప్పబోయేది ఆ ప్లాస్మా కాదు. వాయువులో విద్యుత్తు ప్రవహించి, అణువులనుంచి ఎలక్ట్రానులు ఊడిపోయినప్పుడు ఏర్పడే స్థితి ఇది. ఆకాశంలో మెరుపు, ట్యూబులైటులో వెలుగు దీని రూపాలే. 1928లో దీనికి ఆ పేరు పెట్టినవాడు అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఈ వాయువు ఆయనకు రక్తకణాలను మోసుకుపోయే ప్లాస్మాను తలపించిందని ఆయన సహచరుడొకరు తరవాత గుర్తు చేసుకున్నారు. ఇన్నేళ్లకు ఆ రెండు ప్లాస్మాలూ నిజంగానే కలుసుకున్నాయి, మానని పుండు మీద!

మెరుపుతో వైద్యమేమిటని భయపడనక్కరలేదు. ఎలక్ట్రానులు మాత్రమే వేడెక్కి, బరువైన అణువులు చల్లగా ఉండేటట్లు చెయ్యవచ్చు. పెన్నులాంటి పరికరంలోంచి ఆర్గాన్ వాయువును పంపితే కొసన సన్నని ఊదారంగు వెలుగు వస్తుంది. వేలు పెడితే గోరువెచ్చగా ఉంటుందంతే. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణంలో రూపొందిన కిన్‌పెన్ మెడ్ అనే ఇలాంటి పరికరానికి 2013లో వైద్యపరికరంగా గుర్తింపు వచ్చింది. (చర్మం ముడతలు తీస్తామంటూ బ్యూటీ పార్లర్లలో వాడే ప్లాస్మా పెన్నులు వేరు. అవి చర్మాన్ని చుక్కలు చుక్కలుగా కాలుస్తాయి.)

వేడి లేనప్పుడు ఇది పనిచేసేదెలా? ఆ వెలుగు గాలిని తాకినచోట హైడ్రోజన్ పెరాక్సైడు, నైట్రిక్ ఆక్సైడు వంటి చురుకైన పదార్థాలు పుడతాయి. పుండు తడిలోకి దిగి అవి ముందుగా పట్టుకునేవాటిలో మన ప్రోటీన్లుంటాయి. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల దండ. ఆ దండ ఎలా మడతపడిందన్నదాన్నిబట్టే అది చేసే పని ఉంటుంది. దండలో గంధకమున్న పూసలు, అంటే సిస్టీన్, మెథియొనీన్, ఈ తాకిడికి తొందరగా మారిపోతాయి. గుడ్డు తెల్లసొన గట్టిపడాలంటే పొయ్యి కావాలి గాని, పాలు విరగడానికి నిమ్మరసం చాలు కదా. షుగరు ఉన్నవారు చేయించుకునే ఏ1సీ పరీక్ష కొలిచేది కూడా ఇలాంటి మార్పునే. హిమోగ్లోబిన్ అనే ప్రోటీనుకు చక్కెర ఎంత అంటుకుందో అది చెబుతుంది.

అన్ని మార్పులూ చెడ్డవి కావు. మన కణాల్లో కీప్-1 అనే ప్రోటీను కాపలాదారులాంటిది. అది ఎన్ఆర్ఎఫ్-2 అనే మరో ప్రోటీనును పట్టి ఉంచి, ఎప్పటికప్పుడు నాశనానికి పంపిస్తూ ఉంటుంది. కాపలాదారు సిస్టీన్లు మారితే పట్టు సడలుతుంది. తప్పించుకున్న ఎన్ఆర్ఎఫ్-2 కణకేంద్రకంలోకి వెళ్లి రక్షణ జన్యువులను మేల్కొలుపుతుంది. చల్లని ప్లాస్మా తగిలిన చర్మకణాల్లో ఇదే జరుగుతుందని గ్రైఫ్స్‌వాల్డ్ శాస్త్రజ్ఞులు చూపించారు. మోతాదు మించితే మాత్రం ప్రోటీన్లు బాగుచేసుకోలేనంతగా చెడి కణమే చచ్చిపోతుంది.

మొదట్లో అందరి దృష్టీ సూక్ష్మజీవుల మీదే ఉండేది. 2010లో వెలువడిన జర్మనీ పరీక్షలో 36 మంది రోగుల పుండ్లకు రోజూ 5 నిమిషాలు ప్లాస్మా పట్టించగా, పట్టించని చోటుతో పోలిస్తే బాక్టీరియా 34 శాతం తగ్గింది. తరవాత మధుమేహంవల్ల పాదాలకు వచ్చే పుండ్ల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. కాలు తీసేయవలసి వచ్చేదాకా పోగల పుండ్లివి. మన బంధువర్గంలో షుగరు లేని ఇళ్లు ఎన్ని ఉంటాయి గనక! ప్లాస్మా పట్టించినవారి పుండ్లు ఉత్తుత్తి చికిత్స పొందినవారి పుండ్లకంటే త్వరగా చిన్నవయ్యాయి. చిత్రమేమంటే, బాక్టీరియా విషయంలో ఆ రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి పుండును మాన్పిందెవరు? మన కణాల్లోని ప్రోటీన్లకే ఎక్కువ వాటా ఇవ్వాలని నాకనిపిస్తుంది. అయితే ఆ పరీక్షలో ప్లాస్మా అందుకున్నవారికి కూడా పుండు శుభ్రం చెయ్యడం, కట్లు మార్చడం వంటి మామూలు వైద్యం ఏదీ మానెయ్యలేదు.