జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో హార్డ్‌వేర్ అంతరాయాలు

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనునది సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ 1982లో బ్రిటన్‌లో విడుదల చేసిన గృహ కంప్యూటరు. ఇందులో 3.5 మెగాహెర్ట్జ్ వేగముతో పనిచేయు జడ్80ఏ ప్రాసెసరు కలదు. ప్రాసెసరు చేయుచున్న పనిని తాత్కాలికముగా ఆపించి, మరియొక పనిని చేయించు విద్యుత్ సంకేతమును హార్డ్‌వేర్ అంతరాయము అందురు.

ఉదాహరణకు, ఉపాధ్యాయుడు పాఠము చెప్పుచుండగా అటెండరు సర్క్యులరు తెచ్చెననుకొందము. ఉపాధ్యాయుడు చెప్పుచున్న వాక్యమును ముగించి, పుస్తకములో గుర్తు పెట్టుకొని, సర్క్యులరు చదివి సంతకము చేసి, తిరిగి అదే చోటి నుండి పాఠము కొనసాగించును. గుర్తు పెట్టుకొనుట మరచినచో పాఠము దారి తప్పును. ప్రాసెసరు విషయములోను ఇంతే.

== పనిచేయు విధానము ==
తెరపై చిత్రమును చూపు యు.ఎల్.ఏ. అను చిప్, ప్రతి చిత్రము ఆరంభములో, అనగా సెకనుకు సుమారు 50 సార్లు, అంతరాయ సంకేతమును పంపును. రెండు సంకేతాల నడుమ 69,888 గడియార స్పందనలు గడచును. సంకేతము అందగానే ప్రాసెసరు:
* జరుగుచున్న ఆదేశమును పూర్తి చేయును.
* ఇతర అంతరాయాలను నిలిపివేయును.
* తిరిగి రావలసిన చిరునామాను స్టాకులో దాచును.
* 56వ చిరునామాలోని కార్యక్రమమునకు వెళ్ళును.

రామ్‌లో కాక రోమ్‌లో ఉన్న ఈ కార్యక్రమము ముందుగా రిజిస్టర్లలోని విలువలను స్టాకులో భద్రపరచును. పిదప 23672వ చిరునామాలో మొదలగు మూడు బైట్ల లెక్కకు ఒకటి కలిపి, కీబోర్డును పరిశీలించును. ఈ లెక్కయే కంప్యూటరుకు గడియారము. అది సుమారు 3 రోజుల 21 గంటలకు తిరిగి సున్నాకు వచ్చును.

== అంతరాయాలను ఆపిన ఫలితము ==
క్యాసెట్టు నుండి సమాచారము చదువునపుడు, బీప్ ధ్వని చేయునపుడు కాలపరిమాణము ఖచ్చితముగా ఉండవలెను. కావున రోమ్ ఆ సమయములో అంతరాయాలను ఆపివేయును. సంకేతము 32 స్పందనల కాలము మాత్రమే నిలుచును. ఆలోగా అందుకొననిచో అది శాశ్వతముగా పోవును. అందుచేత సంగీతము వినిపించు కార్యక్రమాలలో ఈ గడియారము వెనుకబడును.

== రెండవ మోడ్ ==
రోమ్‌ను మార్చుట సాధ్యము కాదు గనుక, ఆటల రచయితలు జడ్80 యొక్క రెండవ మోడ్‌ను వాడిరి. ఇందులో ఐ రిజిస్టరులోని విలువ, డేటా బస్సుపైనున్న విలువ కలసి ఒక పట్టికలోని స్థానమును సూచించును. బస్సుపై సాధారణముగా 255 ఉండును, కాని బయట తగిలించిన పరికరాల వలన అది మారవచ్చును. అందువలన 257 బైట్ల పట్టికను ఒకే విలువతో నింపుదురు. ఉదాహరణకు అన్నింటిలో 253 ఉంచినచో, బస్సుపై ఏ విలువ ఉన్నను ప్రాసెసరు 65021వ చిరునామాకే చేరును. ఐ రిజిస్టరులో 64 నుండి 127 వరకు గల విలువలు ఉంచినచో 48కె నమూనాలో తెరపై మంచువంటి చుక్కలు కనిపించును.

== ఆపలేని అంతరాయము ==
ప్రోగ్రాము ఆపజాలని మరియొక అంతరాయము ప్రాసెసరును 102వ చిరునామాకు పంపును. రచయిత ఇచ్చిన చిరునామాకు వెళ్ళుటకు రోమ్‌లో ఏర్పాటు కలదు గాని, షరతు తలక్రిందులుగా వ్రాయబడినది. చిరునామా ఇచ్చినచో ఏమియు చేయక తిరిగి వచ్చును; ఇవ్వనిచో కంప్యూటరు మొదటి నుండి ప్రారంభమగును. ఒక్క ఆదేశములోని పొరపాటు వలన ఈ సౌకర్యము నిరుపయోగమైనది.