వెలగని గెలాక్సీలు – ప్రతీకల హద్దులు

విజ్ఞానశాస్త్రం నుంచి మాటలు అరువు తెచ్చుకోవడం మన కవిత్వానికి కొత్త కాదు. కంటికి కనబడకుండా గెలాక్సీల బరువు మోస్తున్న కృష్ణపదార్థాన్ని శ్రామికజనానికి ప్రతీకగా వాడాలని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ఊహ నన్నూ ఆకర్షించింది. అయితే ప్రతీకను వాడేముందు వస్తువును తెలుసుకోవాలి గదా!

సూర్యుడి దగ్గరున్న బుధుడు సెకనుకు దాదాపు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు. దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం 5 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. బరువంతా మధ్యలో ఉంటే అంచుల్లో వేగం తగ్గాలి. కాని 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే, అంచుల్లోనూ వేగం ఆ విధంగా తగ్గలేదు. కనిపించే నక్షత్రాల ఆకర్షణ అందుకు చాలదు. వెలుగును వెదజల్లని పదార్థం మరేదో అక్కడ ఉండాలి. అది ఏ కణాలతో ఏర్పడిందో ఇంకా తేలలేదు.

ఆ పదార్థం పోగైనచోటల్లా నక్షత్రాలు పుట్టవు. వాయువు చల్లబడి కుదించుకుంటేనే నక్షత్రం. తొలితరం నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు విశ్వమంతటా వాయువును వేడెక్కించాయి. చిన్న పోగుల ఆకర్షణకు ఆ వేడి వాయువు లొంగలేదు. అవి వెలగకుండానే మిగిలాయి.

వాటి జాడ పట్టేదెలా? హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగాలను పంపుతుంది. చైనాలోని ఫాస్ట్ రేడియో టెలిస్కోపు ఈ విధంగానే 'క్లౌడ్-9' అనే మేఘాన్ని పట్టుకున్నది. అది దాదాపు 1 కోటి 40 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. హబుల్ టెలిస్కోపు వెదికినా అందులో నక్షత్రాలు దొరకలేదు. అందులోని హైడ్రోజన్ సుమారు పది లక్షల సూర్యుల బరువు. దానిని పట్టి ఉంచడానికి సుమారు 500 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణపదార్థం ఉండాలని అంచనా.

అంచనాలు మారుతాయి కూడా. 'డ్రాగన్‌ఫ్లై 44' అనే మసక గెలాక్సీలో 99.99 శాతం కృష్ణపదార్థమేనని 2016లో ప్రకటించారు. 2019లో కొత్త కొలతలు వచ్చి ఆ బరువును బాగా తగ్గించాయి. కనబడనిది అనగానే అది కొలతకు అతీతం కాదు.

ఇప్పుడు ప్రతీక సంగతి. 1940లలో చల్లపల్లి జమీందారీలో రైతులు, కూలీలు భూమికోసం పోరాడారు. వారు కనబడనివారా? పట్టపగలు పొలాల్లోనే ఉన్నారు. వారిని లెక్కలోకి తీసుకోనిది జమీందారీ వ్యవస్థ. కృష్ణపదార్థం వెలగకపోవడం ప్రకృతి స్వభావం. కూలివాడు మరుగున పడటం మనుషులు చేసిన ఏర్పాటు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం అటువంటి ఏర్పాటు శాశ్వతం కాదని చూపింది. రెంటినీ ఒకటి చేస్తే, మార్చగలిగిన దానిని మారనిదిగా చూపినవాళ్లమవుతాం.

అయినా రచయిత ఖగోళశాస్త్రం నుంచి నేర్చుకోదగినది ఒకటుంది. అది పద్ధతి. వెలుగును చూసి బరువును నిర్ణయించకుండా, కనబడేవాటి కదలికను బట్టి కారణాన్ని వెదకడం. మన కథకు, విమర్శకు అంతకన్న పనికివచ్చే పాఠం నాకు తోచదు.