గోడకు ఊపిరి

పటాన్‌చెరు కార్ఖానాల పాత థర్మకోల్ పలకలు అగ్గువకు దొరికితే, పడమటి ఎండ ఆగుతుందని మా మట్టిగోడకు బయట అంటించి సిమెంటు గిలాబు చేయించినం. ఎండ ఆగింది. వానకాలం రాగానే జొన్న బస్తాల వెనుక నల్లబూజు! విత్తనాలకు ఉంచిన రెండు బస్తాలు పోయినయి.

దీపం వత్తి నూనెను పీల్చినట్లు మట్టిగోడ నేల తడిని పైకి పీలుస్తుంది. మన పాఠంలోని కేశనాళికీయత ఇదే. ఇదివరకు సున్నపు పూత గుండా ఆ తడి రెండు వైపులా ఆరేది. సిమెంటు, థర్మకోల్ ఆవిరిని సులభంగా పోనివ్వవు. తడి ఇంటి లోపలికే తిరిగింది. గోడనంటిన గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజుకు చాలు. బస్తాల వెనుక గాలే ఆడదాయె.

1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు జొన్నకంకి బూజును పరిశోధించారు. గోడ బూజు మా వంతు! గిలాబు రాలగొట్టి సున్నం వేస్తున్నాం. పడమటి ఎండకు, గోడకు ఆనకుండా ఈతాకు పందిరి చాలునని అమ్మ మొదటే అన్నది.