విక్టోరియా యుగపు ప్రభుకుటుంబముల ఛాయాచిత్రములు: అంతస్తు, స్త్రీ

ఛాయాచిత్రము ఉన్న రూపమును ఉన్నట్లే చూపునని లోకుల నమ్మకము. కాని విక్టోరియా రాణి కాలమున (1837–1901) ప్రభుకుటుంబములవారు తీయించుకొన్న పటములను పరిశీలించినచో, అవి రూపముకంటె అంతస్తునే ఎక్కువగా చూపుచున్నవని తెలియును.

పూర్వము తైలవర్ణచిత్రము ధనికుల సొత్తు. 1854లో పారిస్ నగరమున డిస్డెరి అనువాడు చిన్న అట్టలపై పటములంటించు పద్ధతికి పేటెంటు పొందెను. 1860లో మేయల్ తీసిన రాజకుటుంబపు పటములు అంగళ్లలో అమ్ముడుపోయెను. దివాణములలోని స్తంభము, తెర, చెక్కడపు కుర్చీ స్టూడియోలకు దిగివచ్చినవి. కొలది రూకలిచ్చినవాడు క్షణకాలము ప్రభువుగా నిలువగలిగెను.

స్త్రీల విషయము వేరు. క్లెమెంటినా హావర్డెన్ (1822–1865) అను ప్రభుకుటుంబ స్త్రీ తన కుమార్తెలను ఇంటి అద్దములయెదుట, కిటికీలచెంత నిలిపి చిత్రించెను. 1815లో కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ తన పరిచారిక మేరీ హిల్లియర్‌ను మేరీమాతగా చిత్రించెను. కుమార్తెకు ఇల్లే రంగస్థలము. పరిచారికకు దేవమాత వేషము.

ఇట్టిదే తెలుగునాటను జరిగెను. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) హైదరాబాదులో 1892లో జనానా స్టూడియో నెలకొల్పెను. అచట స్త్రీయే కెమెరా పట్టుటచే ఘోషా స్త్రీలు నిస్సంకోచముగా పటములు తీయించుకొనిరి. కూలికిపోవు స్త్రీకి ఘోషా ఎక్కడిది? కావున మరుగే గొప్పతనమునకు గుర్తు. 1868–1875 నడుమ వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అను 8 సంపుటములలో సామాన్యులు చాలవరకు కులనామములతోనే కనబడుదురు. ప్రభువునకు పేరు, పేదకు జాతి: ఇదియే ఆ కాలపు న్యాయము.

కోలారు వాసులకు ఇందొక విశేషము గలదు. ఆనాటి పటములు వెలిసిపోకుండుటకై వానిని బంగారపు లవణద్రావకమున ముంచెడివారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని నారంభించినది మొదలు 2001లో గనులు మూతపడువరకు నేలయడుగున బంగారము త్రవ్వినవారిలో చిత్తూరు సీమనుండి వచ్చిన తెలుగువారును గలరు. దొరల ముఖములను బంగారము కాపాడినది. దానిని త్రవ్వినవారి ముఖములను కాపాడుట వారి సంతతి విధి.

అందుకు ధనము అక్కరలేదు. ఇంటనున్న పాత పటము వెనుక పెద్దలనడిగి పేరు, ఊరు, సంవత్సరము వ్రాసిన చాలును. తాతపేరు వ్రాసి ఊరకుండరాదు. ప్రక్కన నిలిచిన అవ్వపేరును వ్రాయవలెను. పేరు పోయిన పటము పరాయివారి పటమే యగును.