గేలం కర్రకు విమానయోగం

అండమాన్ నీళ్లలో పెద్ద పార చేపను గేలానికి పట్టాలని విశాఖ తీరంలో గేలం వేసే మా బోటివాళ్లందరికీ కోరిక. ముప్పై కిలోలు దాటిన పారలు కూడా ఆ దీవుల పగడపు దిబ్బల అంచున తిరుగుతుంటాయి. అక్కడ దాన్ని పట్టి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలోకి వదిలేయడం ఆనవాయితీ. ఆ వదిలేయడం సవ్యంగా జరగాలంటే సామాను గట్టిదై ఉండాలి. నాసిరకం కర్రతో అరగంటసేపు పోరాడితే చేప అలిసిపోతుంది. అలా అలిసినదాన్ని వదిలినా బతుకుతుందన్న నమ్మకం లేదు. గట్టి కర్ర, మంచి రీలు ఉంటే కొద్ది నిమిషాల్లో పడవ పక్కకొస్తుంది, ఓపిక ఉండగానే వెళ్లిపోతుంది. అందుకే సామాను క్షేమంగా చేర్చడాన్ని వేటలో మొదటి మెట్టుగా చూస్తాను.

శ్రీ విజయపురంలో, అంటే 2024 దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊళ్లో, తెలుగు జాలరి కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ రేవులో నిలబడితే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. "కర్ర దేనికి బాబూ, తంగూసు చేత్తోనే లాగేస్తాం గదా" అన్నాడు అక్కడో పెద్దాయన. ఆయన అరచేతులు చూస్తే ఆ మాట నిజమేనని తెలుస్తుంది. తంగూసు, సీసపు గుండ్లు, మామూలు కొక్కేలు ఆ ఊళ్లోనే దొరుకుతాయి. పారకు కావలసిన ఎనిమిది అడుగుల కర్ర, పెద్ద రీలు, ఎనభై పౌండ్ల బ్రెయిడ్ దారం మాత్రం మన వెంట వెళ్లాల్సిందే. కాబట్టి సర్దడం మొదలుపెట్టే ముందు అక్కడ దొరకనివి ఏమిటో ఒక కాగితం మీద రాసుకోవాలి. దొరికేవాటిని ఇంటి దగ్గరే వదిలేయాలి.

బరువు లెక్క దగ్గరే చాలామందికి చిక్కొస్తుంది. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకు పెద్ద పెట్టె 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. పాతిక తులాల జిగ్గులు, అంటే సీసపు ఎరబొమ్మలు, పది పెట్టుకుంటే అవే మూడు కిలోలకు దగ్గరవుతాయి. పెద్ద రీలు ఒక్కోటి ముప్పావు కిలో దాకా తూగుతుంది. వీటికి కర్రల గొట్టం కూడా కలిస్తే బట్టలకు మిగిలేది కొంచెమే. అదనపు బరువుకు కౌంటరు దగ్గర కట్టే డబ్బు కన్నా ముందే ఆన్‌లైన్‌లో కట్టేది తక్కువ. ఇంట్లో తూచుకుని ముందే కొనుక్కోవడం మంచిది.

ఇక కర్ర సంగతి. చాలా విమాన సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదంటాయి. ఎనిమిది అడుగులంటే 244 సెంటీమీటర్లు. సరిగ్గా సగానికి విడిపోయే కర్రయితే ఒక్కో ముక్క 122 నుంచి 125 దాకా ఉంటుంది. దానికి 130 సెంటీమీటర్ల గొట్టం చాలు. నాలుగంగుళాల పీవీసీ పైపు బయటి కొలత 11 సెంటీమీటర్లు కాబట్టి 130, 11, 11 కలిపితే 152. హద్దులోనే ఉన్నాం. కానీ పెద్ద పారల కర్రలు చాలావరకు పిడి దగ్గర మాత్రమే విడిపోతాయి, పైముక్క 170 దాకా ఉంటుంది. దానికి తగిన గొట్టం హద్దు దాటిపోతుంది. అప్పుడు ముందే ఫోన్ చేసి మాట్లాడుకోవాలి, అదనంగా కట్టడానికి సిద్ధపడాలి. కొత్తగా కొనేవాళ్లకు నేను మూడు ముక్కల ట్రావెల్ రాడ్డే కొనమంటాను. అది 90 సెంటీమీటర్ల గొట్టంలో ఒదిగిపోతుంది.

గొట్టం మనమే చేసుకోవచ్చు. పైపుల కొట్లో కావలసినంత పొడవు కోయించి, ఒక చివర మూతను సొల్యూషన్‌తో అతికించాలి. రెండో చివరకు మరతో తిరిగే మూత పెట్టాలి. తనిఖీవాళ్లు తెరిచి చూడాలంటే సులువుగా తెరుచుకోవాలి, మళ్లీ మూసుకోవాలి. అందుకే చుట్టూ టేపు చుట్టొద్దు. రెండు చివర్లా లోపల మందంగా స్పాంజి వేయాలి. కర్ర ముక్కల్ని గుడ్డ సంచిలో పెట్టి, మూడుచోట్ల వెల్క్రో పట్టీతో కట్టాలి. కొసముక్క అగ్గిపుల్లంత సన్నం. దాన్ని పిడిముక్క మధ్యకు వచ్చేలా కట్టి, పిడి రెండు పక్కలా కాస్త ముందుకు ఉండేలా చూడాలి. గొట్టాన్ని ఎవరైనా నిలువునా పడేసినా దెబ్బ పిడికి తగులుతుంది. సందుల్లో తువ్వాళ్లు, టీషర్టులు కూరాలి. చివరికి గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడాలి. చప్పుడు వస్తే ఇంకా బట్ట కూరాలి.

మా బృందంలో ఒకరి గొట్టం ఒకసారి మర్నాటి విమానంలో వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరం వెళ్తే ఒక్కో గొట్టంలో ఇద్దరివీ చెరో కర్ర పెడుతున్నాం. ఏదో ఒకటి ఆలస్యమైనా ఇద్దరమూ నీళ్ల మీద ఉంటాం.

రీళ్లు నా చేతిసంచిలోనే ఉంటాయి. డ్రాగ్ వదులు చేసి, సాక్సుల్లో చుట్టి పెడతాను. దారం చుట్టిన రీలును కొన్నిచోట్ల భద్రతా సిబ్బంది తీసి చూస్తారు, అభ్యంతరం చెప్పినా చెప్పొచ్చు. దాన్ని తిరిగి పెద్ద పెట్టెలో వేసి పంపే వ్యవధి ఉండేలా ముందుగానే చేరుకోవాలి. కొక్కేలు, కత్తి, కటింగ్ ప్లయర్ పెద్ద పెట్టెలోకే. ఎరబొమ్మల నుంచి కొక్కేలు విప్పి గట్టి డబ్బాలో పెడితే, పెట్టె తెరిచిన సిబ్బంది వేళ్లకు గుచ్చుకోవు. జిగ్గుల్ని ఒకేచోట గుట్టగా పోస్తే ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనిపిస్తాయి. ఒకే వరసలో పరిచి, పైన "చేపల వేట సీసం" అని ఇంగ్లిషులో రాసి పెడితే పని త్వరగా తేలుతుంది. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు, నూటికి లోపే. దారం కొసలు కాల్చే లైటరునూ, తుప్పు పట్టకుండా కొట్టే మండే స్ప్రేనూ ఎందులోనూ పెట్టొద్దు. లైటరు దిగాక కొనుక్కోవచ్చు.

వేటకు స్వరాజ్ ద్వీప్ వెళ్లేవాళ్లు విమానం దిగాక ఫెర్రీ ఎక్కాలి. దానికీ సామాను పరిమితి ఉంటుంది, గొట్టం సంగతి టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో వేట నిషిద్ధం. పడవవాళ్లకు ఏ నీళ్లలో అనుమతి ఉందో ముందే అడగాలి.

విదేశాలకు వెళ్లేవాళ్లకు మరో బాధ్యత ఉంది. న్యూజిలాండ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తూ వాడిన గేలం సామాను పట్టుకెళ్తే, ఆ సంగతి అక్కడి డిక్లరేషన్‌లో తప్పకుండా చెప్పాలి. డిడిమో అనే నాచు 2004లో అక్కడి నదుల్లో బయటపడింది. తడిసిన సామాను మీద ఒక్క చుక్క నీటితోనైనా అది కొత్త నదిలోకి పాకగలదు. అందుకే కడిగి, పూర్తిగా ఆరబెట్టి తీసుకెళ్లాలి.

తిరుగు ప్రయాణానికీ అదే పద్ధతి. ముందురోజు సాయంత్రమే అన్నిటినీ మంచినీళ్లతో కడిగి ఆరబెడితే ఉప్పు రీళ్లను తినేయదు. పగడపు ముక్కలు, గవ్వలు పెట్టెలో వేసుకోవద్దు, విమానాశ్రయంలో ఆపేస్తారు. ఈ సీజన్‌లో మీరు వెళ్లాలనుకుంటే టేపు పట్టుకుని ముందు కర్ర పైముక్కను కొలవండి. ఆ కొలతను బట్టి గొట్టం, గొట్టాన్ని బట్టి విమానం చూసుకుని, ఆ తర్వాతే టికెట్టు కొనండి.